మా మామ్మ గొంతు పడవెక్కిన వైనం

భారత నౌకాదళం దగ్గర ఎన్ని ఫిరంగులున్నాయో నాకు తెలియదు. ఎన్ని ఉన్నా సరే, అవన్నీ తక్కెడలో ఒకవైపు వేసి, మా మామ్మ నూకరత్నం గొంతు రెండో వైపు వేస్తే, ఫిరంగులు గాల్లో వేలాడతాయి. ఒక్క గుండు పేల్చకుండా, ఒక్క కర్ర ఎత్తకుండా, అసలు ఒడ్డు మీద నుంచి కదలకుండా, సముద్రపు దొంగలను పాట పాడి తరిమిన మనిషి మూడు లోకాల్లో ఆమె ఒక్కతే. దొంగలు పారిపోతున్న ఆ సమయంలో ఆమె ఇంటి వెనక కూర్చుని కోడికి నూకలు వేస్తోందన్నది వేరే సంగతి.

పోర్ట్ బ్లెయిర్ రేవుకి ఎదురుగా, నీళ్ళకి అవతలి ఒడ్డున ఉంటుంది మా హోప్ టౌన్. వెనక కొండ, ముందు జెట్టీ, మధ్యలో మేము. మామ్మ తండ్రి పూడిమడక నుంచి చేపల పనికని ఓడెక్కి వచ్చి, తిరుగు ఓడ ఎక్కడం మరిచిపోయాడు. మామ్మ ఇక్కడే పుట్టింది. పుట్టగానే ఏడ్చిన ఏడుపు విని, జెట్టీలో కట్టి ఉన్న ఫెర్రీ బయలుదేరిపోతోందనుకుని జనం పరుగెత్తారట. ఇది అబద్ధమే. అయినా ఆ గొంతు ఒకసారి విన్నవాళ్ళెవరూ దీన్ని అబద్ధమని అనలేదు.

పదేళ్ళకే నెత్తిమీద చేపల బుట్ట పెట్టుకుంది. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి అవతలికి వెళ్ళి గోల్ ఘర్ వీధుల్లో అమ్మేది. మిగతా ఆడవాళ్ళు గడప గడపకీ ఆగి తలుపు తట్టేవారు. మామ్మకి అంత ఓపిక లేదు. వీధి మొదట్లో నిలబడి ఒక్కసారి "మచ్ఛీ" అనేది. వీధి చివరి ఇంటివాళ్ళు గిన్నె పట్టుకుని బయటికి వచ్చేసేవారు. అక్కడ గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండే గురువమ్మ టీచరుగారు గోడ గడియారం ఆగిపోతే ఏడాదిపాటు బాగు చేయించనే లేదు. నూకరత్నం ఉన్నంతకాలం గడియారం దండగ అనేవారట.

ఇంతటి గొంతుకి దేవుడు సరైన మొగుణ్ణే చూసి పెట్టాడు. మా తాత గవరయ్యది మైక్ సెట్ వ్యాపారం. రెండు పెద్ద హారన్లు, ఒక యాంప్లిఫైయరు, ఒక టేప్ రికార్డరు, ఒక లారీ బ్యాటరీ. పెళ్ళి అయినా, జాతర అయినా, ఓట్లయినా తాత రావాల్సిందే. ముప్పై ఏళ్ళు హారన్ పక్కన కూర్చున్నందుకు ఆయన రెండు చెవులూ పోయాయి. తనకి వినపడకపోతే ఊరికీ వినపడటం లేదని ఆయన లెక్క. అందుకే వాల్యూమ్ మీట ఎప్పుడూ చివర్లోనే ఉండేది. ఆయన మైకు పెట్టిన పెళ్ళిళ్ళలో పురోహితుడి మంత్రాలు ఒక్కరూ వినలేదు గనుక ఆ కాపురాలు ఎలా నిలబడ్డాయో నాకు తెలియదు.

ఏటా గంగమ్మ పండగకి, పడవలు నీళ్ళలోకి దించే ముందు, మామ్మ పాడేది. ఆ పాట మా వాళ్ళు వల లాగేటప్పుడు పాడుకునేదే. రెండు దరువులకి ఒక లాగు. "రాయే గంగమ్మా, వల బరువెక్కించి పో గంగమ్మా" అని ఉంటుంది. పాట మంచిదే. మామ్మ నోట్లో పడ్డాక రాగం ఎక్కడ మొదలైందో తెలిసేది గాని, ఎటు పోయిందో గంగమ్మకి కూడా తెలిసేది కాదు. వెనక తప్పెట్లు కొట్టే ఆరుగురూ ఆమె గొంతుని అందుకోవడానికే కొట్టేవారు, తాళానికి కాదు. సునామీకి ముందు ఏడాది పండగలో తాత ఇదంతా ఒక క్యాసెట్‌లోకి ఎక్కించాడు. ఎందుకు ఎక్కించాడో ఆయనకే తెలియాలి. ఆయనకి ఎటూ వినపడదు.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున మామ్మ బుట్ట పక్కన పెట్టుకుని జెట్టీ మీద ఉంది. ముందు భూమి ఊగింది. కాసేపటికి నీళ్ళు వెనక్కి పోయి, తరువాత రాకూడని చోటికి వచ్చాయి. మామ్మ ఒక కేక పెట్టింది. ఊరిని హెచ్చరించడానికి అరిచానని ఆమె చెబుతుంది. బుట్ట కొట్టుకుపోయినందుకు అరిచిందని తాత చెబుతాడు. ఏదైతేనేం, ఆ కేకకి మా వీధి మొత్తం కొండెక్కింది. తాత ఒక భుజం మీద మైకు హారన్‌నీ, రెండో భుజం మీద మూడేళ్ళ నన్నూ వేసుకుని ఎక్కాడు. ముందు ఎవరిని ఎత్తుకున్నావని అడిగితే ఇప్పటికీ చెవుడు నటిస్తాడు.

ఇల్లు పోయింది, పడవ పోయింది, వల పోయింది. మా వీధిలో ప్రాణాలు దక్కాయి. దక్షిణాన ఇంకో దీవిలో, హట్ బేలో ఉన్న మామ్మ పిన్ని కుటుంబానికి దక్కలేదు. ఆ మాట మామ్మ ఎత్తదు, నేనూ ఎత్తను.

మమ్మల్ని రేకుల షెడ్లలో పెట్టారు. కొన్నాళ్ళకి ఎవరో దయగలవాళ్ళు మా నాన్న మల్లేశుకీ, ఇంకో ఇద్దరికీ కలిపి ఇంజను ఉన్న డుంగీ ఒకటి ఇచ్చారు. డుంగీ అంటే మా దీవుల్లో చెక్క పడవ. దాంతోపాటు వలలు కూడా పంపారు. చెరువు చేపల వలలు. ఆ కన్నాల్లో పట్టే చేపని మేము ఎరగా వాడతాం. నాన్న వాటిని షెడ్డు చుట్టూ కట్టి కోళ్ళు తప్పించుకోకుండా చేశాడు. డుంగీ మాత్రం ఒడ్డున ఖాళీగా పడి ఉండేది. మేము రేషను బియ్యం తింటూ దాన్ని చూసేవాళ్ళం.

అప్పుడు మామ్మ ఒక వెదురు సూది చెక్కించుకుని, నైలాను దారం తెప్పించుకుని, షెడ్డు గుమ్మంలో కూర్చుని వల అల్లడం మొదలుపెట్టింది. కన్నం కొలతకి ఆమె నాలుగు వేళ్ళే కొలబద్ద. ఎనిమిది నెలలు అల్లింది. వేళ్ళు కోసుకుపోతే పసుపు రాసి గుడ్డ కట్టుకుని అల్లింది. ఆ ఎనిమిది నెలలూ ఆ వలని ఎవరైనా దాటితే తిట్లే. పిల్లిని తిట్టింది, నన్ను తిట్టింది, షెడ్లు చూడటానికి వచ్చిన ఆఫీసరుగారు బూటుకాలితో దాటబోతే ఆయన్నీ తిట్టింది. తెలుగులో తిట్టింది గనుక ఆయన నమస్కారం పెట్టి వెళ్ళాడు. నేను ఆమె ఒళ్ళో కూర్చోవాలంటే ముందు ఆ వల లేవాలి. అది లేవలేదు. నాకు ఆ వలంటే ఒళ్ళు మంట.

వల పూర్తయి, తేలడానికి బెండ్లు కట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టే సమయానికి దొంగల సంగతి మొదలైంది.

ఎక్కడి నుంచి వచ్చేవారో తెలియదు. పెద్ద పడవ, ఏడెనిమిది మంది, చేతుల్లో కత్తులు, ఎవరికీ అర్థం కాని భాష. దీవుల అవతల, తూర్పు వైపు లోతు నీళ్ళలో మన వాళ్ళు వల వేసి కాచుకుని ఉంటే, వచ్చి కత్తి చూపించి, వలనీ చేపనీ కలిపి లాగేసుకుని పోయేవారు. ఆ ఒక్క నెలలోనే మా ఊరివి రెండు వలలు పోయాయి. పోగొట్టుకున్నవాళ్ళు ఫిర్యాదు చేయడానికి వెళితే, అక్కడి గుమాస్తా దొంగల పేరూ, చిరునామా అడిగాడట.

నాన్న డుంగీ దించనన్నాడు. తన తల్లి చేసిన వల మీద ఇంకొకడి చేయి పడితే ఇంటికి రాలేనని అన్నాడు. మామ్మ ఆ మాటకి మెత్తబడలేదు.

"ఒరే మల్లేశూ, నాను ఎనిమిది నెల్లు అల్లింది దండెం మీద ఆరేసుకోడానికేట్రా? నీళ్ళలో పడకపోతే అది వల కాదు, దోమతెర. తీస్కెళ్ళు. మళ్ళీ తే."

తీసుకెళితే పోతుంది, తీసుకెళ్ళకపోతే తిండి లేదు. ఇంకో వల అల్లడానికి మామ్మ వేళ్ళు మిగల్లేదు. ఇంట్లో వారం రోజులు ఇదే గొడవ. ఎవరెంత గట్టిగా అరిచినా తాతకి వినపడలేదు గనుక ఆయన ఒక్కడే ప్రశాంతంగా ఆలోచించాడు.

తాత ఆలోచన ఇది. సముద్రంలో గస్తీ ఓడలు మైకులో పిలుస్తాయి. ఆ మైకు వినపడితే తప్పు చేయనివాడు కూడా ఒంగి కూర్చుంటాడు. కాబట్టి డుంగీలో మైకు పెడితే దొంగలు దగ్గరికి రారు. హారన్ ఒకటి ఎలాగూ కొండెక్కి బతికింది. యాంప్లిఫైయరూ, బ్యాటరీ, టేప్ రికార్డరూ సునామీ రోజున గోల్ ఘర్‌లో రిపేరు దుకాణంలో ఉండి బతికాయి. టేప్ రికార్డరు రిపేరుకి ఎందుకు వెళ్ళిందంటే, అందులో క్యాసెట్ ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. నీళ్ళు తాత క్యాసెట్లన్నిటినీ పట్టుకుపోయి, ఆ ఒక్కదాన్నీ వదిలేశాయి. అందులో ఉన్నది మామ్మ పాట.

ఇక్కడ అప్పలరాముడు అడ్డుపడ్డాడు. డుంగీలో నాన్నతో వెళ్ళే ఇద్దరిలో పెద్దాయన. ఆడది వేట పడవ ఎక్కకూడదని మాలో కట్టుబాటు. ఎక్కితే గంగమ్మకి కోపం, చేప పడదు. ఆడదాని గొంతు కూడా ఆడదే గదా అని అప్పలరాముడి వాదన. పెద్దలంతా జెట్టీ మీద కూర్చుని ఈ విషయం తేల్చడానికి ఒక పూట తీసుకున్నారు. మామ్మ కాసేపు విని లేచింది.

"ఏటి రామన్నా, నా గొంతుకి కాళ్ళున్నాయేటి పడవెక్కడానికి? ఆ వల మొత్తం నా చేత్తో ముట్టుకున్నదే. అది ఎక్కితే లేని మైల నా పాటెక్కితే వస్తాదా? సోచ్ కే బోలో."

అప్పలరాముడు సోచ్ చేశాడు, అంటే ఆలోచించాడు. ఆయన తేల్చింది ఏమిటంటే, టేప్ రికార్డరుని మగవాడి లుంగీలో చుట్టి ఎక్కించాలి, అవసరం వచ్చిన క్షణం వరకూ విప్పకూడదు. హారన్ ముందు కొబ్బరికాయ కొట్టాలి. అలా చేస్తే గంగమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. గంగమ్మ తరఫున ఈ మాట చెప్పే అధికారం ఆయనకి ఎవరిచ్చారో అడగకండి. తాత తన లుంగీల్లో మంచిది ఇచ్చాడు.

ఒకసారి పరీక్షించి చూద్దామని మర్నాడు పొద్దున డుంగీని జెట్టీకి కాస్త దూరం తీసుకెళ్ళి, హారన్‌ని ఒడ్డువైపు తిప్పి, తాత మీట నొక్కాడు. సునామీ తరువాత మా ఊరికి నేర్పిన పాఠం ఒక్కటే. సముద్రం వైపు నుంచి మైకు వినపడితే కొండెక్కు. ఎందుకని అడగకు, వెనక్కి చూడకు. కాబట్టి హోప్ టౌన్ మొత్తం కొండెక్కింది. అన్నం కుండలతో, మేకలతో, మంచం పట్టిన ముసలమ్మతో, ఆమె మంచంతో సహా. అందరికంటే ముందు పైకి చేరిన మనిషి ఎవరనుకున్నారు? మామ్మ. తన గొంతుని తానే గుర్తుపట్టలేదు.

ఇంత ఘోరంగా అరిచింది ఎవరని పైనుంచి అడిగిందట. చుట్టూ ఉన్నవాళ్ళు మేకలని లెక్కపెట్టుకోవడంలో పడ్డారు.

సాయంత్రానికి పోలీసు వచ్చి, ఒడ్డుకి వినపడేంత దూరంలో ఆ మైకు మోగితే మైకునీ తాతనీ కలిపి పట్టుకెళతానని చెప్పాడు. తాత బుద్ధిగా తల ఊపాడు. ఒక్క ముక్క వినలేదు. నాన్న విన్నాడు గనుక సరిపోయింది. ఆ వారమే డుంగీ బయలుదేరింది. నాన్న, అప్పలరాముడు, డుంగీలో మూడో భాగస్తుడు సీతాలత్త మొగుడు, మైకు కోసం తాత. వలని మామ్మ తానే మోసుకొచ్చి, పడవ అంచు ముట్టుకోకుండా, నీళ్ళలో మోకాలి లోతున నిలబడి అందించింది. మనుషులకి జాగ్రత్తలు చెప్పలేదు. వలకి చెప్పింది.

ఇక్కడి నుంచి నాన్న చెప్పిన మాట.

మూడో రోజు పొద్దెక్కాక వచ్చారు. సముద్రం నూనె పోసినట్టు ఉంది. వల నీళ్ళలో ఉంది, బరువెక్కి బెండ్లు మునుగుతున్నాయి, లాగడానికి వీళ్ళు లుంగీలు ఎగ్గడుతున్నారు. దొంగల పడవ నేరుగా బెండ్ల దగ్గరికి వెళ్ళింది. ఒకడు కత్తితో తాడు తెంచాడు. ఏడుగురు వల అంచు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. ఎనిమిదోవాడు కత్తి పట్టుకుని వీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు.

నాన్న లుంగీ విప్పాడు. టేప్ రికార్డరుదే. తాత మీట నొక్కాడు.

తప్పెట్లు, వాటి మీద మామ్మ. ఆ నీళ్ళ మీద అడ్డు చెప్పడానికి చెట్టు లేదు, గోడ లేదు. దొంగలు ఉలిక్కిపడి చేతులు ఆపారు. కత్తి పట్టుకున్నవాడు చుట్టూ గస్తీ ఓడ కోసం వెతికాడు. ఓడ లేదు. చిన్న డుంగీ, అందులో పెళ్ళి మైకు, దాని పక్కన చెవిలో వేలు పెట్టుకుని గోక్కుంటున్న ముసలివాడు. వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఒకడు నడుం తిప్పి ఆడాడు. ఆ తరువాత, నాన్న కలలో కూడా అనుకోని పని ఒకటి చేశారు.

పాటకి వల లాగారు.

లాగరా మరి. అది వల లాగే పాట. రెండు దరువులకి ఒక లాగు. భాష తెలియకపోయినా వాళ్ళూ వల లాగే జాతే. ఇంతకుముందు తలో తీరున పీకుతున్నవాళ్ళు, ఇప్పుడు మామ్మ తాళం ఇస్తుంటే ఏడుగురూ ఒక్కటై లాగుతున్నారు. సముద్రపు దొంగల మీదికి పంపడానికి లోకంలో ఇన్ని పాటలుండగా మా వాళ్ళు ఏరి ఏరి దీన్నే పంపారు. చూస్తూ ఉండగా సగం వల వాళ్ళ పడవలోకి ఎక్కిపోయింది.

ఆపమని నాన్న తాతకి చేతులు ఊపాడు. తాత దాన్ని ఇంకా పెంచమన్నట్టు అర్థం చేసుకున్నాడు. వాల్యూమ్ అప్పటికే చివర్లో ఉంది. ఇంకేమీ చేయలేక, హారన్‌ని రెండు చేతులతో ఎత్తి దొంగల మొహం మీదికి తిప్పాడు. డుంగీ ఒరిగి, అడుగున ఉన్న ఉప్పునీళ్ళు బ్యాటరీ మీదికి వచ్చాయి.

బ్యాటరీ కుంగింది. టేపు నెమ్మదైంది. పాట నెమ్మదయ్యేసరికి, అలవాటు పడ్డ దొంగల చేతులు కూడా నెమ్మదయ్యాయి. మామ్మ గొంతు ముందు మగ గొంతయింది. తరువాత గేదె గొంతయింది. ఆ తరువాత అది ఏ జంతువుదీ కాలేదు. తప్పెట దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకుని వదిలేంత ఖాళీ. ఆ ఖాళీలో హారన్ ఒక్కటే ఊళ పెడుతోంది. సముద్రం కింద నుంచి ఏదో పెద్దది లేస్తూ, లేస్తూ, తన వస్తువు తనకి ఇమ్మని అడుగుతున్నట్టు ఉందట.

ఆ ఏడాది మా సముద్రాల మీద బతికేవాడెవడూ కింద నుంచి వచ్చే శబ్దానికి భయపడకుండా ఉండలేదు. వాళ్ళ ఊళ్ళమీదికీ ఆ అలే వచ్చి ఉంటుంది. వాళ్ళలో పెద్దవాడు తన చేతుల్లో ఉన్న వలని ఒకసారి చూసుకున్నాడు. ఎవరిదో ఏమిటో అన్నట్టు చూశాడు. నెమ్మదిగా వేళ్ళు వదిలాడు. వాడు వదిలాక మిగతావాళ్ళూ వదిలారు. చేప బరువుకి వల జరజరా జారి నీళ్ళలో పడింది. వాళ్ళ ఇంజను శబ్దం దూరమయ్యాక కూడా మామ్మ గొంతు ఆవలిస్తూనే ఉంది.

అప్పలరాముడు డుంగీ అడుగున బోర్లా పడుకుని చేతులు జోడించి ఉన్నాడు. తాత మీట ఆపి, నాన్నని అడిగాడు.

"ఏట్రా, ఎల్లిపోనారు? పాట నచ్చనేదా?"

వల ఇంటికి వచ్చింది, చేపతోనే. మూడుచోట్ల చిరిగింది. నాన్న జెట్టీ మీద నిలబడి చేతులు తిప్పుతూ కథంతా చెబుతుంటే ఊరు మూగింది. మామ్మ మూగలేదు. వలని ఒడ్డున పరిచి, ఒక చివర నుంచి రెండో చివరి దాకా చేత్తో తడుముకుంటూ వెళ్ళి, చిరుగులు చూసింది. తాగే నీళ్ళు బిందెతో తెచ్చి, పరాయివాళ్ళు పట్టుకున్న అంచుని కడిగింది. షెడ్లలో ఆ నీళ్ళ కోసం మేము వరుసలో నిలబడేవాళ్ళం. నా మొహం ఆమె అంత శ్రద్ధగా ఎప్పుడూ కడగలేదు. ఆ తరువాత వెదురు సూది తీసుకుని గుమ్మంలో కూర్చుంది.

ఆ పాట ఊరంతా అడిగారు. టేప్ రికార్డరు నుంచి వైరు లాగి తాత ఆరు డుంగీలకి నకళ్ళు తీసి ఇచ్చాడు. అవేవీ పని చేయలేదు. వాళ్ళందరూ శుభ్రంగా చార్జింగు పెట్టిన బ్యాటరీలు తీసుకెళ్ళారు. ఒక డుంగీవాళ్ళ వలని దొంగలు ఈల వేస్తూ లాక్కుపోయారు. ఏడాది తిరిగేసరికి గస్తీ ఓడలు పెరిగాయి, దొంగలు తగ్గారు. చదువుకున్నవాళ్ళు ఆ ఘనత గస్తీకి ఇస్తారు. ఇవ్వనీయండి, వాళ్ళకి జీతాలొస్తాయి. మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ పిల్లలు అన్నం తినకపోతే నూకరత్నం పాట పెడతామంటారు. ఆ కట్టుబాటులో కూడా ఒక చిన్న మార్పు వచ్చింది. ఆడది వేట పడవ ఎక్కకూడదు, ఆడదాని గొంతు ఎక్కవచ్చు, లుంగీ అక్కరలేదు.

మామ్మకి ఇప్పుడు డెబ్భై దాటాయి. గోల్ ఘర్ వెళ్ళడం మానేసింది గాని గొంతు మానలేదు. ఆ వల ఇంకా ఉంది. దానిలో ఇప్పుడు మొదటి దారం ఎంత మిగిలిందో, అతుకు ఎంతో ఆమెకే తెలుసు. నాన్న కొత్త మెషిను వల తెచ్చినా, ఏడాదికి ఒకసారి దీన్ని నీళ్ళలో దించాల్సిందే.

ఇదంతా రాసుకుని మొన్న ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించాను. కొండెక్కిన చోట మొహం తిప్పుకుంది. మిగతాదంతా వల చూసుకుంటూ విన్నది. అయిపోయాక, ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను. మామ్మా, నిజం చెప్పు, దొంగలు భయపడింది నీ పాటకా, చచ్చిన బ్యాటరీకా?

"ఆళ్ళు దేనికి బయపడితే నాకేటే గుంటా. వల ఎల్లింది, చేపతో తిరిగొచ్చింది. నువ్వు తొమ్మిదేళ్ళు బడికెళ్ళేవు, ఏటి తెచ్చేవు?"